ముఖ్య అతిథి గురించి చాలు, నాటకం గురించి రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఉత్తరం కాస్త పొడుగ్గానే వచ్చింది. కత్తెర వేసుకోండి, ఏమీ అనుకోను, కానీ అడుగుతున్న ఒక్క సంగతి మాత్రం తీసేయకండి. మీ పేపర్లో నాటకాల మీద సమీక్షలు వేయండి. వార్తలు కాదండీ, అవి వస్తూనే ఉన్నాయి. ఒక మనిషిని పంపించి, మొదటి నుంచి చివరి దాకా కూర్చోబెట్టి, అక్కడ ఏం జరిగిందో, ఏది బాగుందో, ఎక్కడ విసుగేసిందో రాయించండి. బాగా లేకపోతే బాగా లేదనే రాయించండి. సినిమాకైతే శుక్రవారం మొదటి ఆట అయ్యీ కాకముందే రేటింగులు వచ్చేస్తాయి, నాటకానికి మాత్రం వారం గడిచినా ఎవరు దీపం వెలిగించారన్నది తప్ప ఇంకేమీ తెలియదు.

నేను హైదరాబాద్‌లో రంగస్థల కళల్లో పీజీ చేస్తున్నాను. ఈ మాట చెప్పగానే మా చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న "సీరియల్లో ఎప్పుడు కనిపిస్తావమ్మా" అని, రెండోది "ఇంతకీ దీనికి ఉద్యోగం ఏముంటుంది" అని. రెండింటికీ నా దగ్గర జవాబు లేదు కాబట్టి వదిలేద్దాం. మేం నేర్చుకునేది ఏంటంటే, పొద్దున్నే ఒళ్ళు వంచడం, గొంతు సాధన, నాట్యశాస్త్రం చెప్పిన ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం (అంటే ఒళ్ళు, మాట, వేషం, లోపలి భావం), ఆ తర్వాత విదేశీ నాటక గురువులు స్తానిస్లావ్‌స్కీ, బ్రెహ్ట్, గ్రొతోవ్‌స్కీ, మధ్యలో లైటింగు, కుట్టుపని, రంపం, మేకులు. ఇవన్నీ నేర్పాక మా సార్లు తాపీగా ఒక మాట అంటారు, "ఇక మీదంటూ ఒకటి చేసి చూపించండి" అని. అక్కణ్ణుంచి మొదలు టెన్షన్. చేతిలో స్క్రిప్టు ఉండదు. ఒక విషయం పట్టుకుని, దాని గురించి తెలిసినవాళ్ళ దగ్గరికెళ్ళి మాట్లాడి, రిహార్సల్ గదిలో ఏదో ఒకటి చేసి చూసుకుని, చేసినదాంట్లో చాలా భాగం పారేసి, మిగిలిన ముక్కల్ని కలుపుకుంటూ పోతే ఎప్పటికో ఒక ప్రదర్శన అవుతుంది. మా భాషలో దీన్ని డివైజింగ్ అంటారు. దీనికి వేదిక ఉండాలని లేదు, డైలాగులు ఉండాలని లేదు, చూసేవాళ్ళు కుర్చీల్లో కూర్చునే చూడాలని అసలే లేదు.

ఆ మధ్య మీ ఉత్తరాల శీర్షికలోనే ఒక పెద్దాయన దీన్ని ఎగతాళి చేశారు. ప్రయోగం పేరుతో పిల్లలు చీకట్లో అరుస్తున్నారు, నేల మీద దొర్లుతున్నారు, ఏమీ అర్థం కాదు అని. ఆయన చూసినవి అలాంటివే అయి ఉండొచ్చు. నేనూ చూశాను కొన్ని. ఎర్ర లైటు వేసి పొగ వదిలితే ప్రయోగం అయిపోతుందనుకునేవాళ్ళు మా క్లాసులో కూడా ఉన్నారు. కాబట్టి ఆయన మీద నాకు కోపమేమీ లేదు. నిజం చెప్పాలంటే విద్యార్థుల ప్రదర్శనల గురించి ఈ మధ్యకాలంలో మీ పేపర్లో నేను చదివిన విమర్శ ఆ నాలుగు వాక్యాలే. అవి రాసింది కూడా జీతం తీసుకునే విలేఖరి కాదు, తన తీరిక వెచ్చించిన ఒక పాఠకుడు.

మేం చేసినదొకటి చెప్తాను, లేకపోతే నేను అడిగేది గాల్లో మాటలా ఉంటుంది. విషయం నీళ్ళు మోయడం. మా కాలేజీలో లిఫ్టు లేని పాత మూడంతస్తుల బిల్డింగు ఒకటి ఉంది, కింద వెనకవైపు ఒక కొళాయి ఉంది. వచ్చినవాళ్ళందరి చేతికీ ఐదు లీటర్లు పట్టే చిన్న స్టీలు బిందె ఇచ్చి కొళాయి ముందు లైన్లో నిలబెట్టాం. ఇరవై అయిదు మందికి మించి తీసుకోలేదు, అంతకంటే బిందెలు దొరకలేదు లెండి. లైన్లో మా నటులూ ఉన్నారు, కానీ ఎవరు నటులో ఎవరు చూడ్డానికొచ్చారో తెలియదు. నీళ్ళు రావు. అరగంట రావు. తర్వాత సన్నగా ధార మొదలవుతుంది, ఒక్కొక్కరూ బిందె నింపుకుని మెట్లెక్కాలి, ప్రతి మలుపు దగ్గరా ఒక పాత్ర, బస్తీల్లో ఆడవాళ్ళతో మాట్లాడి మేం తెచ్చుకున్న మాటలు ఆ పాత్రలవి, కొన్ని పూర్తిగా చెప్తారు, కొన్ని మీరు దాటిపోతుంటే సగం వినపడతాయి. మూడో అంతస్తులో ఒక డ్రమ్ము. బిందె అందులో వంచేస్తే ఆట అయిపోయినట్టే.

ఒక సాయంత్రం ఆటలో మా నటి ఒకామె, ముందే అనుకున్న ప్రకారం, లైన్లో మధ్యకి దూరింది. మెస్‌లో పనిచేసే ఒక అక్క చూడ్డానికి వచ్చి ఉంది. ఆవిడ ఊరుకోలేదు. "బిందె పెట్టి పక్కకెళ్ళినా లైను లైనే, ఇక్కడ పెద్దామె బిందె ఉంది, కనపడట్లేదా" అని మొదలుపెట్టి మా నటిని ఏకిపారేసింది. ఇంకొకాయన, బ్యాంకులోనో ఎక్కడో రిటైరైనట్టున్నారు, మా నటి తరఫున మాట్లాడబోయి ఆవిడ చేతిలో ఆయనా తిన్నారు. లైనంతా రెండు పక్షాలైంది. లైన్లో నిలబడని మనిషి బిందెకి హక్కు ఉంటుందా ఉండదా అని ముక్కూ మొహం తెలియనివాళ్ళు పది నిమిషాలు వాదించుకున్నారు. మా స్క్రిప్టులో, అంటే మేం రాసుకున్న నోట్సులో, దానికి కేటాయించింది ఒక్క నిమిషం. కొళాయి దగ్గరున్న మావాడు తిప్పాలో ఆపాలో తెలియక నా మొహం చూస్తున్నాడు. ఆ పది నిమిషాల గురించి ఎవరైనా రాసి ఉంటే ఎంత బాగుండేది! ఆ అక్క చెప్పిన లైను న్యాయం మాకు ఏ ఇంటర్వ్యూలోనూ దొరకలేదు, ఆ రాత్రి తప్ప మళ్ళీ ఏ ఆటలోనూ అలా జరగలేదు.

సరే, మర్నాడు ఒక పేపర్లో సిటీ పేజీలో వార్త వచ్చింది. మీది కాదు, పేరు చెప్పను. ప్రదర్శన పేరు తప్పు. "విద్యార్థుల నటన ఆద్యంతం ఆకట్టుకుంది" అని ఒక వాక్యం. మిగతాదంతా ముఖ్య అతిథి ఎవరు, విశిష్ట అతిథి ఎవరు, ఎవరెవర్ని శాలువాతో సత్కరించారు, కళలు సమాజానికి ఎంత అవసరమో వారు ఏమని సెలవిచ్చారు. ఫొటో సెమినార్ హాల్లో మెమెంటో ఇస్తున్నప్పటిది, ఆ హాల్లో మేం ఏ ఆటా ఆడలేదు. ముఖ్య అతిథి గారు మెట్లెక్కలేదు, ఆయనకి మోకాళ్ళ నొప్పులు, ఆయన్నీ తప్పు పట్టను. నటించినవాళ్ళ పేర్లు ఒక్కటీ లేవు.

దీనికి విలేఖర్లని తిట్టడం న్యాయం కాదని నాకు తెలుసు. సాయంత్రం ఒకే టైముకి నాలుగు సభలుంటాయి, మనిషి ఒక్కడే. ఫొటో నిర్వాహకులే వాట్సాప్‌లో పంపిస్తారు, ప్రెస్‌నోట్ కూడా వాళ్ళే రాసిస్తారు, ఆ "ఆద్యంతం ఆకట్టుకుంది" అన్నది మా దగ్గర్నుంచే వెళ్ళిందేమో కూడా. నాటకం వేసే సంస్థలకి సైతం ఈ పద్ధతి అలవాటైపోయింది. ఆట ఆరింటికి అని వేస్తారు, ఉపన్యాసాలు ఏడున్నర దాకా సాగుతాయి, ఫొటో పడగానే విలేఖరి వెళ్ళిపోతాడు, ఆయనతోపాటు అతిథుల్లో సగం మంది వెళ్ళిపోతారు, మేకప్ చెమటకి కారిపోతున్న నటుడు వింగ్‌లో నిలబడి ఉంటాడు. ఇది మామూలు నాటకం సంగతి. మాలాంటి ప్రదర్శనలకైతే అసలు వేదికే ఉండదు కదా. వేదిక లేదు కాబట్టి అతిథికి కుర్చీ లేదు, కుర్చీ లేదు కాబట్టి ఫొటో లేదు, ఫొటో లేదు కాబట్టి వార్త లేదు.

మాకే ఎందుకింత పట్టుదల అంటారేమో. నవల అచ్చయితే లైబ్రరీలో ఉంటుంది, ఇవాళ ఎవరూ చదవకపోయినా ఇరవై ఏళ్ళకి ఎవరో తీస్తారు. సినిమా సరేసరి. అచ్చయిన నాటకానికి కనీసం పుస్తకమైనా మిగులుతుంది. మేం చేసేదానికి అదీ లేదు. చూసినవాళ్ళు చెప్పుకోవాలి, లేదా రాయాలి.

ఇంగ్లిష్ నాటక రచయిత హెరాల్డ్ పింటర్ సంగతి మాకు క్లాసులో చెప్పారు. 1958 మే నెలలో లండన్‌లో ఆయన 'ద బర్త్‌డే పార్టీ' ఆడితే దినపత్రికలు చీల్చి చెండాడాయి, జనం రాలేదు, వారం తిరక్కుండానే శనివారంతో ఎత్తేశారు. ఆ మర్నాడు, ఆదివారం, సండే టైమ్స్‌లో హెరాల్డ్ హాబ్సన్ అనే విమర్శకుడి సమీక్ష వచ్చింది, ఈ కుర్రాడు మామూలువాడు కాదు అని. అప్పటికే ఆట లేదు. చదివి చూద్దామని వెళ్ళినా చూడ్డానికి ఏమీ లేదు. అయినా ఆ మనిషి నాటకాలు రాయడం ఆపలేదు, 2005లో నోబెల్ దాకా వెళ్ళాడు. హాబ్సన్ రాయకపోతే ఆయన మానేసేవాడని నేను అనను, అలా ఎవరూ చెప్పలేరు. కానీ తిట్టినవాళ్ళు కూడా ఆ నాటకాన్ని చూసి తిట్టారన్నది గమనించండి. అరడజను మంది చూశారు, రాశారు, పోట్లాడుకున్నారు. మాకు తిట్లకి కూడా కరువే.

ఇంకొకటి చెప్తాను. 1974లో నేపుల్స్‌లో మరీనా అబ్రమోవిచ్ అనే కళాకారిణి ఒక బల్ల మీద 72 వస్తువులు పెట్టింది. గులాబీ ఉంది, తేనె ఉంది, కత్తెర ఉంది, తుపాకీ ఉంది, దాంట్లో వేసే గుండు కూడా ఉంది. ఆరు గంటలు కదలకుండా నిలబడతాను, వీటితో నన్నేం చేసినా చేయండి, బాధ్యత నాది అంది. మొదట్లో మర్యాదగా ఉన్న జనం రానురాను బట్టలు కత్తిరించే దాకా, ఒంటి మీద గాట్లు పెట్టే దాకా వెళ్ళారు. తుపాకీ ఆమెకే గురిపెట్టిన సంగతీ ఉంది. ప్రపంచంలో ఈ చదువు చదివే ప్రతి విద్యార్థికీ ఇది పాఠం. ఆ రాత్రి ఆ గదిలో ఉన్నవాళ్ళు ఎంతమందని? ఫొటోలు తీసినవాళ్ళూ, చూసినది రాసినవాళ్ళూ ఉండబట్టే హైదరాబాద్‌లో కూర్చుని నేను దాని గురించి పరీక్ష రాశాను. ఆవిడ చేసింది సబబా కాదా అన్నది వేరే చర్చ, నా మటుకు నాకు ఇష్టం లేదు, ప్రేక్షకుల్ని దోషులుగా పట్టుకోవడానికే వల వేసినట్టుంటుంది.

అంత దూరం ఎందుకు, కలకత్తాలో బాదల్ సర్కార్ అనే నాటకకర్త 1970ల్లో పెద్ద హాళ్ళు వదిలేసి, మామూలు గదుల్లో, పార్కుల్లో, పల్లెల్లో ఆడారు. 'మిచ్ఛిల్' అని ఊరేగింపు మీద చేసిన నాటకంలో ప్రేక్షకుల బల్లల మధ్యలోంచే నటులు వంకర టింకర దారిలో తిరుగుతుంటారు. ఢిల్లీలో దర్శకుడు అల్కాజీ 1963లో 'అంధాయుగ్' అనే హిందీ నాటకాన్ని ఫిరోజ్ షా కోట్లా శిథిలాల్లో ఆడించారు. ఇవాళ సైట్ స్పెసిఫిక్ అని, అంటే ఒక చోటు కోసమే అమర్చుకున్న ఆట అని, మేం పెద్ద పేరు పెట్టుకున్నది అదే. మన పగటివేషాల వాళ్ళయితే వేదికా లేకుండా, టిక్కెట్టూ లేకుండా, పట్టపగలు ఇంటింటి ముందూ నిలబడి నిజమో వేషమో తేల్చుకోలేని ఆట ఆడారు. అన్నీ మన దగ్గరే ఉన్నాయని జబ్బలు చరుచుకోవడానికి కాదు ఈ మాట చెప్తున్నది, ఆ మాట విని విని నాకూ విసుగే. సర్కార్ తన నాటకం గురించి తనే కూర్చుని రాసుకున్నారు, అల్కాజీ ప్రదర్శనల మీద ఢిల్లీ పత్రికల్లో రాసినవాళ్ళున్నారు. పగటివేషం గురించి మాకు పరిశోధకులు రాసినవి దొరుకుతాయి, ఏ వేషాలున్నాయి, ఎవరు వేసేవారు, ఏ ఊళ్ళ వాళ్ళు అని. ఫలానా రోజు ఫలానా వీధిలో ఫలానా వేషగాడు ఏం చేస్తే జనం ఎలా నవ్వారో, ఎవరు నిజంగానే భయపడ్డారో, అది దొరకదు. నటన నేర్చుకునేవాళ్ళకి కావలసింది అదేనండీ.

సురభిది కూడా అంతే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన కుటుంబాలు ఇవాళ్టికీ ఆడుతున్నాయంటే మామూలు విషయం కాదు. 'మాయాబజార్'లో వాళ్ళ తెరలూ, తీగలూ, మాయలూ చూసి ప్రతి పేపరూ ఆశ్చర్యపోతుంది, పోవాల్సిందే. అదే సురభి నటులతో కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ పనిచేశారు, బ్రెహ్ట్ నాటకాన్ని 'బస్తీ దేవత యాదమ్మ'గా ఆడించారు. తరతరాలుగా రంగుల పరదాల ముందు పద్యం పాడిన నటులు బ్రెహ్ట్‌ని ఎలా పట్టుకున్నారు, ఎక్కడ ఒప్పుకున్నారు, ఎక్కడ మొండికేశారు, చూసిన జనం పద్యం ఏదీ అని అడిగారా? నా ప్రాజెక్టుకి కావాల్సింది ఆ వివరం. నేను వెతికినంతలో చేతికొచ్చినవి కొన్ని ఫొటోలు, కొందరు పెద్దల జ్ఞాపకాలు. పెద్దలు ప్రేమగానే చెప్తారు, కాకపోతే ఇన్నేళ్ళ తర్వాత అన్నీ అద్భుతంగానే గుర్తుంటాయి.

పోలీసుల గురించి కూడా ఒక మాట. 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం ఒకటి ఉండేది, బ్రిటిష్ వాళ్ళకి నచ్చని నాటకాల్ని ఆపడానికి తెచ్చింది. మన దేశం దాన్ని పుస్తకాల్లోంచి తీసేసేసరికి 2018 వచ్చింది. పోవడం మంచిదే, నాకు బెంగేమీ లేదు. కానీ ఆ రోజుల్లో నాటకాన్ని శ్రద్ధగా చూసి, ఎవరు ఏమన్నారో, జనం ఎక్కడ చప్పట్లు కొట్టారో రాసుకెళ్ళే పోలీసు ఒకడైనా ఉండేవాడు కదా అని మా బ్యాచ్‌లో ఒకడు జోకు వేస్తుంటాడు. ఇవాళ ఆ ఒక్క ప్రేక్షకుడూ లేడు.

ఇంకో గమ్మత్తు చూడండి. ఆధునిక తెలుగు నాటకం మొదటిసారి ఆడింది విద్యార్థులే. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తన శిష్యులతో 'వ్యవహార ధర్మబోధిని' ఆడించారు, ప్లీడర్ల మోసాల మీద. అప్పటికి ఆరేళ్ళ ముందు నుంచే, 1874 నుంచి, ఆయన 'వివేకవర్ధని' పత్రిక నడుపుతున్నారు. అంటే నాటకం వేయించిన మనిషీ, పత్రిక నడిపిన మనిషీ ఒక్కరే. ఆయన పుట్టిన ఏప్రిల్ 16ని తెలుగు నాటకరంగ దినోత్సవం అంటున్నాం. ఆ రోజు అన్ని పేపర్లలోనూ విగ్రహానికి పూలదండ ఫొటో వస్తుంది. ఆ రోజు సాయంత్రం ఎక్కడెక్కడ ఏ నాటకాలు ఆడారు, ఎలా ఆడారు అని మాత్రం ఎవరూ రాయరు.

ఇప్పుడు మీరు అడగబోయేవి నాకు తెలుసు. వీడియో తీసుకోవచ్చు కదా అంటారు. తీసుకున్నాం. బిందెల ఆట వీడియోలో మెట్లు, వీపులు, చీకటి, ఎవరిదో దగ్గు ఉన్నాయి. రెండో అంతస్తుకొచ్చేసరికి మోసేవాళ్ళ నడుం ఎటు వంగిందో, ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఎప్పుడు మార్చారో, ఆ మార్చుకునే క్షణంలో మలుపులో పాత్ర చెప్తున్న మాట వాళ్ళు విన్నారా లేదా అన్నది కెమెరాకి తెలియదు. అది మోసిన మనిషి రాయాలి. సోషల్ మీడియా ఉంది కదా అంటారు. ఉంది. అందులో మా స్నేహితులు మా గురించి "కేక", "గూస్‌బంప్స్" అని పెడతారు, వాళ్ళవి ఆడినప్పుడు మేం వాళ్ళకి అదే పెడతాం. చేబదులు లాంటిది అది, ఎవరూ లాభపడరు.

నిజమైన విమర్శ ఎలా పనిచేస్తుందో ఒక్కసారే చూశాను. మా అమ్మ మొదటి ఆటకొచ్చింది. అంతా అయ్యాక మా వాళ్ళందరూ నా చుట్టూ చేరి బాగుంది బాగుంది అంటుంటే ఆవిడ పక్కకి పిలిచి "బిందెలు అంచు దాకా ఎందుకు నింపించారే, రోజూ మోసేవాళ్ళెవరూ అలా నింపరు, తొణికితే మెట్లు జారతాయి, మళ్ళీ అవి తుడవాల్సింది కూడా వాళ్ళే కదా" అంది. నిర్మలంగా, కూర గురించి చెప్పినట్టు చెప్పింది. మా బ్యాచ్‌లో ఎవరికీ తట్టలేదా మాట. తర్వాతి ఆటకి మెడ కిందికే నింపించాం, అందరి వెనకాలా గుడ్డ పట్టుకుని మెట్లు తుడుచుకుంటూ వచ్చే ఒక పాత్రని కొత్తగా పెట్టాం. ఒక్క మాట కూడా మాట్లాడదు ఆ పాత్ర. చూసినవాళ్ళు ఇప్పుడు ఎక్కువగా అడిగేది దాని గురించే. రోజూ నీళ్ళు మోసినావిడ ఇచ్చిన సమీక్ష అది. అలాంటి కళ్ళున్నవాళ్ళు ఊళ్ళో ఎంతమంది లేరు!

రాసేవాళ్ళు లేరు అని మాత్రం అనకండి. తెలుగు ఎంఏలు చేసి ఖాళీగా ఉన్నవాళ్ళున్నారు, మాలాంటి విభాగాల్లోంచి ఏటా బయటికొచ్చేవాళ్ళున్నారు, గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల్లో పరిషత్తుల పోటీ నాటకాలు ముప్పై ఏళ్ళుగా వరసపెట్టి చూస్తున్న పెద్దలున్నారు. ఆ పెద్దల జ్ఞాపకశక్తి ముందు మేం దిగదుడుపే, ఫలానా ఏడాది ఫలానా నాటికలో రెండో రంగంలో ఎవరు ఎలా నిలబడ్డారో చెప్పేస్తారు. పరిషత్తుల్ని నేను తక్కువ చేయను, నాటకం ఊళ్ళల్లో బతికుందంటే సగం వాళ్ళ వల్లే. అక్కడైతే కనీసం న్యాయనిర్ణేతలున్నారు, మార్కులేస్తారు, ఉచ్చారణ ఎక్కడ తప్పిందో చెప్తారు. కానీ గంటలో ముగియాలి, వేదిక మీదే జరగాలి, ఉత్తమ నటుడు, ఉత్తమ రచన అన్న గళ్ళల్లో పట్టాలి. నోట్సు తప్ప స్క్రిప్టు లేని మాకు ఉత్తమ రచన ఎవరికిస్తారు? మాకు ఆ తలుపు మూసుకున్నట్టే కాబట్టి పేపరు తలుపు కొడుతున్నాం.

ఎలా రాయాలో చెప్పేంత పెద్దదాన్ని కాదు కానీ చదివేదాన్ని కాబట్టి ఏం కావాలో చెప్తాను. స్టార్లు వద్దు. మూడు వందల మాటలు చాలు. ఎక్కడ ఆడారు, ఎంతసేపు, ఎంతమంది వచ్చారు, మీరెక్కడ కూర్చున్నారు లేదా నిలబడ్డారు, ఏం కనపడింది, ఏం వినపడలేదు, ఇవి ముందు. నచ్చడం నచ్చకపోవడం తర్వాత. అర్థం కాకపోతే ఎక్కడ అర్థం కాలేదో రాయండి, "యువత కొత్తగా ఆలోచిస్తున్నారు" అని భుజం తట్టి తప్పించుకోవద్దు, అది మమ్మల్ని తిట్టడం కంటే హీనం. విద్యార్థులతో రాయిస్తే తమ కాలేజీ ప్రదర్శన మీద తాము రాయకూడదని నియమం పెట్టండి, లేకపోతే చేబదులు వ్యవహారం మీ పేజీలోకి కూడా వస్తుంది. సమీక్షకుడు వేదిక ఎక్కకూడదు, శాలువా కప్పించుకోకూడదు. నటుల పేర్లు, లైట్లు వేసిన మనిషి పేరు తప్పుల్లేకుండా వేయండి, చాలామందికి అచ్చులో పేరు పడేది జీవితంలో అదొక్కసారే.

రోజూ అడగట్లేదు. వారానికి ఒక పావు పేజీ. ఆదివారం అనుబంధంలో వేస్తారో, సిటీ పేజీలో వేస్తారో మీ ఇష్టం. చదివేవాళ్ళుంటారా అంటే, మొదట్లో ఉండరేమో. అదే పేజీలో గ్రహబలం పక్కన వేయండి, కళ్ళు ఎలాగూ అటు వెళ్తాయి.

వచ్చే నెలలో మా ఫైనలియర్ ప్రదర్శనలు మొదలవుతాయి. ఒకటి బస్టాపు మీద, ఒకటి మా క్లాస్‌మేట్ తాతగారి ఆసుపత్రి కాగితాల మీద, మూడోది నాకే ఇంకా సరిగ్గా అంతుపట్టలేదు, అందులో నేనే నటిస్తున్నాను. తేదీలు, స్థలాలు మీ ఆఫీసుకి విడిగా మెయిల్ చేస్తున్నాను. ఆ మెయిల్‌లో అతిథుల జాబితా లేదు, ఎవర్నీ పిలవలేదు. మీ మనిషి వస్తే ఆటకి పది నిమిషాల ముందు వస్తే చాలు, మొదలయ్యాక మాత్రం లోపలికి రానివ్వం.

ఇట్లు,
రంగస్థల కళల విద్యార్థిని,
హైదరాబాద్